ఎడమ మామ బూట్లు

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ భవనంలో ఎవరో ఒకరు మెట్లు దిగివచ్చి, చొక్కా పై గుండీ విప్పుకుని, మెడ అటోసారి ఇటోసారి తిప్పుకుని, వీధి గుమ్మం మీదున్న బాల్కనీని భుజానికెత్తుకునేవారు. మెట్లు ఊడవడం, నీళ్ళ తొట్టి కడగడం లాగే అదీ ఇంటివాళ్ళు వంతులేసుకుని చేసుకునే పని. పై అంతస్తు నుంచి మొదలై ఒక్కో వారం ఒక్కో అంతస్తు దిగుతూ, నేలమాళిగ దాకా వచ్చి, వంతు మళ్ళీ పైకెక్కేది. వాళ్ళు భుజమిచ్చిన ఆ గంటసేపూ రాతిమనిషి కిందికి దిగి, నడుం నిలబెట్టుకుని, వీధి మలుపులో ఉన్న కుళాయి దాకా నడిచి, మొహం కడుక్కుని, నాలుగు గుక్కలు తాగి తిరిగొచ్చేవాడు. వచ్చి మెడ వంచి నిలబడ్డాక, మోసినవాళ్ళు పక్కకి తప్పుకుని "అమ్మయ్య" అనుకుంటూ టీ తాగడానికి పోయేవారు.

రాతిమనుషులు ఇద్దరు. గుమ్మానికి ఎడంపక్క ఒకడు, కుడిపక్క ఒకడు. ఆ ఇంటి పిల్లలు వాళ్ళని ఎడమ మామ, కుడి మామ అని పిలిచేవాళ్ళు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కూడా ఆ పిలుపే ఉండిపోయింది. ఒక వారం ఎడమ మామకి సెలవు, ఒక వారం కుడి మామకి.

భవనం సంగతి కాస్త చెప్పకుండా ముందుకెళ్తే అన్యాయం. కట్టించినవాడు పంచదార వర్తకుడు. పోయిన శతాబ్దం మాట కూడా కాదిది, అంతకు ముందుది. ఎదురుగా ఉన్న నూనె వర్తకుడు తన గుమ్మానికి రెండు సింహాలు పెట్టించాడని ఈయనకి తిండి సహించలేదు. నక్షా గీసే ఆయన్ని పిలిపించాడు. "స్తంభాలు పెడదామండీ, నిబ్బరంగా ఉంటాయి" అన్నాడాయన. "స్తంభాలు పోస్టాఫీసుకీ ఉన్నాయి. నా బాల్కనీని మనుషులు మొయ్యాలి" అన్నాడు వర్తకుడు. దాంతో శిల్పి రేవుకెళ్ళి బస్తాలు మోసే ఇద్దరిని తీసుకొచ్చి, రోజుల తరబడి ఎదురుగా నిలబెట్టుకుని చెక్కాడు. ఎడమవాడు బరువంతా ఎడంకాలి మీద మోపి నిలబడ్డాడు, కుడివాడు కుడికాలి మీద. ఇద్దరి తలలూ కిందికి వంగిపోయి ఉన్నాయి. ఆకాశం వైపు చూసే వీలే పెట్టలేదు శిల్పి.

ఇక మిగతా ముఖభాగం చూడాలి! కిటికీ కిటికీకీ గచ్చుతో పోసిన పూలదండలు, పళ్ళ బుట్టలు, రెక్కలున్న బొద్దు పిల్లలు, ఇనుముతో అల్లిన లేసులాంటి కటకటాలు. మెట్లదారిలో రంగుటద్దాల కిటికీ ఒకటి. పొద్దున పూట ఎవరైనా మెట్లు దిగుతుంటే మొహం ఒక మెట్టు మీద ఎర్రగా, ఇంకో మెట్టు మీద నీలంగా మారుతూ ఉండేది. అదంతా వీధివైపే సుమా. వెనక్కెళ్ళి చూస్తే పూత లేని ఇటుక, కారే గొట్టాలు, పాకుడు. పైన పటారం, లోన లొటారం. వర్తకుడు పోయాక ఆ ఇల్లు అంతస్తుకో కాపురంగా విడిపోయింది. బొద్దు పిల్లల ముక్కులు రాలిపోయాయి. వానాకాలం వస్తే పూలదండలోంచి ఒక పువ్వో ఆకో ఊడి వీధిలో పడేది, ఎవరో ఒకరు తీసి గోడవార పెట్టేవారు.

వంతుల పద్ధతి పెట్టింది వర్తకుడి మేనత్త. ఒక ఎండాకాలం ఎడమవాడి మెడ మీద చెమట చూసి, "ఒరే, వీళ్ళకి ఎవరైనా కాస్త భుజమివ్వండ్రా" అందట. అప్పట్నుంచీ అదే ఆనవాయితీ. ఒకసారెప్పుడో కుడివాడు కుళాయి దాటి నాలుగడుగులు ఎక్కువ వేశాడు. ఉత్త రాతిపాదాలు, కింద రాళ్ళు పరిచిన వీధి. రాయి రాయిని గుర్తుపడుతుంది కదా, పట్టుకుంది, వదల్లేదు. గడ్డపారలతో పెకలించి, ముక్కుతూ మూలుగుతూ మోసుకొచ్చి నిలబెట్టారు. మళ్ళీ వాళ్ళిద్దరిలో ఎవరూ మలుపు దాటలేదు.

నేలమాళిగలో బూట్లాయన, బూట్లావిడ ఉండేవారు. గది సగం నేలలోకి దిగి ఉండేది. కిటికీ సరిగ్గా వీధి మట్టానికి. అందులోంచి చూస్తే కాళ్ళు తప్ప ఇంకేమీ కనబడవు. బూట్లాయన ఆ కిటికీ దగ్గర పీట వేసుకుని పని చేసేవాడు. ఊళ్ళోవాళ్ళని మొహం కంటే మడమ చూసి గుర్తుపట్టేవాడు. ఎవరైనా ఎదురై "బాగున్నావా" అంటే, వాళ్ళ కాళ్ళకేసి చూసి, "నేను బాగానే ఉన్నానండీ, మీ ఎడం కాలిదే కుట్టు వదులైంది" అనేవాడు. పైతోలు కుట్టడం ఆవిడ పని, బూటు కింద అడుగు వెయ్యడం ఆయన పని. పిల్లల్లేరు. వాదులాటలూ పెద్దగా లేవు.

ఆ కిటికీకి ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, ఎడమ మామ పాదాలు ఉండేవి. మామ తల వంగి ఉంటుందని చెప్పాను కదా, ఆ చూపు తిన్నగా వచ్చి దుకాణంలో పడేది. ఏళ్ళ తరబడి మామ చూసిన లోకం అంతే. ఒక పీట, తోలుకి చిల్లులు పొడిచే ఆరె, మైనం పట్టించిన దారం, వంగి కూర్చున్న ఒక నడినెత్తి. ఈయన చూసేది ఆయన పాదాల్ని, ఆయన చూసేది ఈయన చేతుల్ని.

"నా మొహమైనా ఇంతసేపు చూశావటయ్యా ఎప్పుడన్నా?" అనేది బూట్లావిడ.

"నీ మొహం అరగదు కదే" అనేవాడు.

ఒక చలికాలం, ఎడమ మామ కుళాయి నుంచి తిరిగొస్తుంటే, వీధి రాళ్ళకి ఒరుసుకుని బొటనవేలి అంచు పెళ్ళుగా ఊడింది. కిటికీలోంచి అది చూసిన బూట్లాయన ఆరోజు అన్నం సరిగ్గా తినలేదు.

"ఊరందరి కాళ్ళకీ కుట్టాను. కళ్ళెదుట ఉన్న కాళ్ళకి కుట్టలేదు. ఏం బతుకే ఇది?" అన్నాడు.

మర్నాడు బయటికొచ్చి, వంగి కూర్చుని, దారంతో ఆ పాదాలు కొలుచుకున్నాడు. చెక్కతో పాదం అచ్చు చెక్కాడు. ఊడిన బొటనవేలి అంచుతో సహా. మందమైన గేదె తోలు తెప్పించి పైభాగం ఆవిడ చేత కుట్టించాడు. "ఇంత సైజా! ఇందులో ఒక పసివాణ్ణి పడుకోబెట్టొచ్చు" అని నవ్వుతూనే కుట్టింది ఆవిడ, వంకర పోకుండా, ప్రతి కుట్టూ రెండుసార్లు వేసి. తమ వంతు ఆదివారం రాగానే ఎడమ మామ దిగాడు. బూట్లాయన వీధిలోనే మోకాళ్ళ మీద కూర్చుని తొడిగి, తాళ్ళు కట్టాడు. తరవాత ఎత్తు అందడానికి గోడవార ఉంచిన చెక్కపెట్టె ఎక్కి, తను బాల్కనీ కిందికి దూరాడు.

మామ ఒక అడుగు వేశాడు. చప్పుడు రాలేదు. ఇంకో అడుగు వేశాడు. ఆగి, వెనక్కి తిరిగి, తన చోట నిలబడ్డ మనిషిని ఒకసారి చూశాడు. మలుపు దాకా వెళ్ళాడు. కుళాయి దగ్గర ఆగలేదు.

రాతిమనుషులకి బూట్లు ఇవ్వకూడదని ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పి ఉండలేదు. చెప్పే అవసరం ఎప్పుడొచ్చింది గనక? అలాంటి ఆలోచన బూట్లు కుట్టేవాడికి తప్ప పుట్టదు.

గంట దాటింది. చీకటి పడబోతోంది. ఇల్లంతా వీధిలోకి వచ్చింది. పై అంతస్తు రైలు గార్డు స్టేషను దాకా పరిగెత్తి, రొప్పుతూ తిరిగొచ్చాడు. "బండి ఎక్కలేదు. ఎక్కుంటే పెట్టె కుంగేది" అన్నాడు. మూడో అంతస్తు పాటల మాస్టారు వీధి రెండు చివర్లా నిలబడి గొంతెత్తి పిలిచాడు. పళ్ళ డాక్టరు తను ఏమీ చెయ్యకుండానే అందర్నీ కేకలేశాడు. మొదటి అంతస్తులో ఉండే జడ్జిగారి భార్య, పెద్దావిడ, ఆ బాల్కనీ ఆవిడదే, కటకటాల మీంచి వంగి అడిగింది:

"నాయనా, నేను ఇక్కడ నిలబడితే నీకు బరువా? లోపలికి పోనా? ఎటుంటే తేలిక?"

"ఎటున్నా ఒకటేనమ్మా. చల్లగాలి తగలకుండా లోపలికి పోండి" అన్నాడు బూట్లాయన, తల వంచుకునే.

బాల్కనీ అంటే ఒక్క బాల్కనీయే అయితే పోనీలే అనుకోవచ్చు. దాని మీద పై మూడంతస్తుల ముందుభాగమూ కూర్చుని ఉంది. అది జారితే కిటికీలు, బొద్దు పిల్లలు, రంగుటద్దాలు, కాపురాలు, అన్నీ వీధిలో ఉంటాయి. గార్డు రైలు పట్టాల కింద వేసే దుంగ ఒకటి తెప్పించి ఆనించాడు. తెల్లారేసరికి అది నిలువునా చీలింది. ఇనప గొట్టం పెట్టారు, వంగింది. ఊపిరి పీల్చి వదిలే భుజానికి అలవాటు పడిన బరువది. ఇంకోదాని మీద కూర్చోనంది.

మొదట్లో అందరూ వచ్చారు, కాదనకూడదు. రాత్రీ పగలూ వంతులేసుకున్నారు. మొదటి గంట ఆ బరువు నిద్రపోయిన పిల్లని భుజాన వేసుకున్నట్టుంటుంది, తరవాత్తరవాత పెళ్ళికెదిగిన పిల్లని ఎత్తుకున్నట్టు అవుతుంది. ఆదివారం గంటసేపంటే సరదా, రోజూ అంటే ఎవరికి సాగుతుంది? "నా చెయ్యి వణికిందంటే ఎవరి దవడ ఊడుతుందో చెప్పలేనమ్మా" అన్నాడు పళ్ళ డాక్టరు. "మెడ వంచితే శ్రుతి తప్పుతోంది" అన్నాడు పాటల మాస్టారు. గార్డుకి ఎప్పుడూ డ్యూటీయే. అందరూ సానుభూతి మాత్రం బాగానే చూపించారు. మాటలు కోటలు దాటాయి గానీ కాళ్ళు గడప దాటడం మానేశాయి. ఒకరోజు మెట్ల మీద ఎవరో అననే అన్నారు, బూట్లావిడ వింటోందని తెలియక, లేదా తెలిసే:

"బూట్లు తొడిగి పంపింది ఎవరట?"

ఆవిడ నీళ్ళ బిందె చంకనెత్తుకుని కిందికి వెళ్ళింది. మర్నాటి నుంచి ఎవరినీ అడగలేదు.

ఇక మిగిలింది వాళ్ళిద్దరే. పొద్దున ఆవిడ భుజమిస్తే ఆయన నాలుగు మెతుకులు తిని, కాస్త నడుం వాల్చేవాడు. ఆ తరవాత పొద్దస్తమానం, రాత్రంతా ఆయనే. మరి పని? పని మానితే ఎలా? ఆవిడే కిటికీ దగ్గర పీట మీద కూర్చుని అడుగులు వెయ్యడం నేర్చుకుంది. ఆయన పైనుంచి, వంచిన తలతో, సొంత దుకాణంలోకే తొంగిచూస్తూ చెప్పేవాడు.

"ఆరె అంత నిటారుగా పట్టుకోకు. వాల్చు. ఇంకా వాల్చు."

"వాల్చితే వేలిలో దిగుతోందయ్యా."

"దిగుతుంది. నాకూ దిగింది. జిగురు ఆరనీ, అప్పుడే తొందరేంటి నీకు?"

"తొందరెందుకు, నా మొగుడు వీధిలో నిలబడున్నాడని" అనేది. ఇద్దరూ నవ్వేవారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆవిడ మొహాన్ని అంతసేపు చూసింది ఆ రోజుల్లోనే.

ఒక పొద్దున ఆయన భుజాలకి నూనె రాస్తుంటే, ఆవిడ అరచెయ్యి జారిపోయింది. గోటితో కొట్టి చూసింది. టక్కున మోగింది. ఇంకాస్త నూనె పోసుకుని మళ్ళీ రాసింది. వారం పది రోజులకి మెడ కూడా అలాగే అయింది.

"చిత్రంగా ఉందే. ఇప్పుడు బరువే అనిపించడం లేదు" అన్నాడు ఆయన సంతోషంగా.

ఆవిడ లోపలికెళ్ళి తోలుముక్కల మధ్య కూర్చుని ఏడ్చింది. తరవాత ఆయనకి ఆకలి తగ్గింది. ఆ తరవాత నిద్రా అక్కర్లేకపోయింది. "నువ్వు పొద్దున నిలబడక్కర్లేదులే, నాకు బాగానే ఉంది" అన్నాడు. పావురాలు ఆయన నెత్తి మీద వాలడం మొదలుపెట్టాయి. ఆవిడ రోజూ సాయంత్రం చీపురు తీసుకుని వాటిని తోలి, ఆయన ఛాతీ మీద చెవి ఆనించి వినేది. లోపల ఇంకా కొట్టుకుంటోంది, గోడ అవతల ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టు, దూరంగా. రాయి ఇంకో బెత్తెడు దిగితే ఆ చప్పుడు కూడా ఆగిపోతుంది. అది ఆవిడకి తెలుసు, ఆయనకీ తెలుసు. ఇంటివాళ్ళకీ తెలుసు, అందుకే గుమ్మం దాటేటప్పుడు కుడిపక్కకి చూస్తూ దాటేవారు.

ఒక ముసురు పట్టిన మధ్యాహ్నం కిటికీ ముందు రెండు బూట్లు వచ్చి ఆగాయి. బురదలో మునిగి, నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వచ్చిందెవరో తెలియడానికి ఆవిడకి మొహం చూడనక్కర్లేకపోయింది. ప్రతి కుట్టూ రెండుసార్లు వేసి ఉంది.

తలుపు తోసుకుని లోపలికొచ్చాడు ఎడమ మామ. ఒళ్ళంతా మెత్తబడింది. గడ్డం మాసింది. మణికట్టు మీద గీరుకున్న చోట నెత్తురు కూడా ఉంది. పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని బూట్లు విప్పాడు. పాదాలు మాత్రం రాయే. బొటనవేలి అంచు ఊడినది అలాగే ఉంది.

"అడుగులు పోయాయి. వేసిపెడతావా?" అన్నాడు. అతని గొంతు ఆ ఇంట్లో ఎవరూ అప్పటిదాకా విన్నది కాదు. కంకర మీద బండి పోతున్నట్టుంది. "రేవులో పని దొరికింది. రేపు ఓడ. నన్నూ ఎక్కించుకుంటామన్నారు."

ఆవిడ ఎడం బూటు తిరగేసి చూసింది. మడమ బయటి అంచు పూర్తిగా కరిగిపోయి, లోపలి అంచు కొత్తదానిలా ఉంది.

"బాల్కనీ లేకపోయినా బరువు ఎడంకాలి మీదే వేస్తున్నావు."

"అలవాటు" అన్నాడు అతను, తల దించుకుని.

"పోతుందిలే. నడవగా నడవగా పోతుంది" అన్న మాట కిటికీలోంచి వినబడింది. బూట్లాయన. వాన ఆయన ముక్కు మీంచి చుక్కచుక్కగా కారుతోంది. "వేసిచ్చి పంపవే. పాపం, తడిసొచ్చాడు. మందం తోలు పెట్టు, ఓడలో తడి ఉంటుంది."

ఆవిడ పీట ముందుకి జరుపుకుంది. పట్టకారు తీసుకుంది. ఎడం బూటు అడుగు పట్టి లాగింది, ఊడొచ్చింది. కుడిది లాగింది. వేలాడుతున్న దారాలు కత్తితో కోసింది. అలా చెయ్యడం ఎవరైనా చేసేదే, పాతది తియ్యందే కొత్తది ఎలా వేస్తారు? అందుకే మామ కదలకుండా చూస్తూ కూర్చున్నాడు, ఇన్నేళ్ళూ చూసినట్టే. ఆవిడ ఆ రెండు అడుగుల్నీ పొయ్యిలో పడేసింది. అరలో ఉన్న మందం తోలంతా తీసింది. అదీ పొయ్యిలో పెట్టింది.

కాలిన తోలు కంపు గదంతా నిండి, కిటికీలోంచి పైకి పోయింది.  ఉత్త రాతిపాదాలతో మామ మలుపు దాటలేడని ఆ ముగ్గురిలో తెలియనివాళ్ళు లేరు.

"ఎందుకే ఇలా చేశావు?" అన్నాడు బూట్లాయన కిటికీలోంచి.

"నాకు నా మొగుడు కావాలి" అంది ఆవిడ. "మంచితనం తరవాత చూసుకుందాం."

మామ లేచాడు. ఆవిడని తిట్టలేదు, బతిమాలలేదు. వానలోకి వెళ్ళి, బూట్లాయన పక్కన నిలబడి, మెల్లిగా తన భుజం దూర్చాడు. ఎప్పట్లా ఎడంకాలి మీద ఒరిగి, తల దించుకున్నాడు.

బూట్లాయన లోపలికొచ్చాడు. కాళ్ళూ చేతులూ, పొట్టా తొందరగానే మెత్తబడ్డాయి. భుజాలు మెత్తబడలేదు, మెడ లేవలేదు. పుట్టినప్పట్నుంచీ కిందికి చూసే మనిషే కనక ఊళ్ళోవాళ్ళకి పెద్ద తేడా కూడా తెలియలేదు. ఇంటివాళ్ళు పలకరించడానికి పళ్ళూ బిస్కెట్లూ పట్టుకొచ్చారు. "ఏదైతేనేం, గండం గడిచింది" అన్నాడు పళ్ళ డాక్టరు. ఎవరి గండమో చెప్పలేదు.

ఆయన మళ్ళీ పనిలో కూర్చున్నాడు. ఒక్కటే మార్పు. పీటని అటు తిప్పి, కిటికీకి వీపు పెట్టుకుని కూర్చునేవాడు. వెలుతురు సరిగ్గా పడదు, దారం ఎక్కించడానికి తంటాలు పడేవాడు, అయినా ఇటు తిరగలేదు. కొత్త బూట్లు ఒప్పుకోవడం మానేశాడు, పాతవాటికి అతుకులు వేసేవాడు. అడుగులు ఊడిన ఆ పెద్ద బూట్లు మేకుకి వేలాడుతుండేవి. చెక్క అచ్చు అటక మీద ఉండేది. తమ వంతు ఆదివారం వచ్చినప్పుడు ఆయన భుజం పనికిరాదు కనక ఆవిడే వెళ్ళేది. మామ దిగేవాడు, కుళాయి దాకా వెళ్ళేవాడు, తిరిగొచ్చేవాడు. ఆ మెత్తదనమంతా పోయి మళ్ళీ నిండా రాయి అయిపోయాడు. ఆవిడా, మామా ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు.

ఆ మరుసటి చలికాలానికి బూట్లాయన ఛాతీలో చల్లదనం మొదలైంది. ఎన్ని దుప్పట్లు కప్పినా పోలేదు. ఊళ్ళోంచి పిలిపించిన డాక్టరు గొట్టం పెట్టి విని, "లోపల ఏదో గట్టిగా ఉండిపోయింది" అన్నాడు. ఆవిడ మంచం పట్టీ మీద కూర్చుని అడిగింది:

"నామీద కోపముందా?"

"లేదే" అన్నాడు. అటక వైపు కళ్ళు తిప్పి, "ఆ అచ్చు ఒకటి ఖాళీగా ఉండిపోయింది. అంతే" అన్నాడు.

మూడు రోజులకి పోయాడు. మోసుకెళ్ళినవాళ్ళు, ఇంత బక్క మనిషి ఇంత బరువేమిటి అనుకున్నారు. ఇంటివాళ్ళు అనుకోలేదు.

ఆవిడ అటక మీది అచ్చు దించింది. దుమ్ము తుడిచింది. మేకు మీది బూట్లు తీసి నూనె పట్టించింది. పీట మళ్ళీ కిటికీ వైపుకి తిప్పి, మామ చూపు పడే చోట కూర్చుని, మందం తోలు కోసి, ఆరె బాగా వాల్చి పట్టుకుని, ఒక్కొక్క కుట్టే వేసింది. మామ అంతా చూశాడు. వేలిలో దిగినప్పుడు ఆవిడ "దిగుతుంది, నాకూ దిగింది" అని తనలో తనే అనుకోవడమూ విన్నాడు.

తమ వంతు వచ్చింది. తమ అంటే ఇక ఆవిడ ఒక్కతే. మామ దిగాడు. ఆవిడ వీధిలో మోకాళ్ళ మీద కూర్చుని తొడిగి, తాళ్ళు గట్టిగా ముడేసింది.

"ఈసారీ కుళాయి దగ్గర ఆగకు" అంది.

"నేను రాకపోతే?"

"రాకు."

అతను అక్కడే నిలబడ్డాడు. ఆవిడ పెట్టె ఎక్కి, కొంగు నడుముకి దోపుకుని, భుజం ఆనించింది. నిద్రపోయిన పిల్లలా ఉంది బరువు. తల వంచుకుంటే దుకాణం కనబడింది. పీట, ఆరె, మైనం దారం, ఖాళీ. అడుగుల చప్పుడు రాలేదు కనక అతను ఎప్పుడు వెళ్ళాడో ఆవిడకి తెలియలేదు.

గంట దాటాక జడ్జిగారి భార్య కటకటాల మీంచి వంగింది. ఆవిడ చాలా ముసలిదైపోయింది అప్పటికి. వీధి మలుపు వైపు చూసింది, కిందికి చూసింది.

"టీ పంపనా అమ్మా?" అంది.

"పంపండి. పంచదార కాస్త ఎక్కువేయించండి" అంది బూట్లావిడ.

ఈసారి ఎవరూ వీధిలో పరిగెత్తలేదు. గార్డు మాత్రం డ్యూటీ దిగి వచ్చి, చాలాసేపు పక్కన నిలబడి, "రాత్రికి నేనుంటాను, నువ్వెళ్ళి పడుకో" అన్నాడు. పాటల మాస్టారూ అన్నాడు. ఆవిడ ఇద్దర్నీ పైకి పొమ్మంది. ఎవరి వంతు ఆదివారం వాళ్ళు వస్తే చాలంది. వచ్చారు కూడా. ఆ తరవాత ఆ ఇంట్లో వంతు తప్పించుకున్నవాడు లేడు.

ఆవిడ తొందరగానే గట్టిపడింది. మొగుడికి పట్టినంత కాలం పట్టలేదు, ఎదురుతిరగలేదు కనక. వీధిన పోయే కొత్తవాళ్ళు ఇప్పటికీ ఆగి చూస్తుంటారు. గుమ్మానికి ఒకపక్క కండలు తిరిగిన మగమనిషిని, రెండోపక్క కొంగు దోపుకున్న ఆడమనిషిని ఎందుకు పెట్టించాడా వర్తకుడు అని వాదించుకుంటారు. ఇంట్లో పిల్లలకి ఆ అనుమానమే లేదు. ఒకపక్క కుడి మామ, ఒకపక్క ఎడమ అత్త. వరస సరిగ్గానే ఉంది కదా.

ఒకటే చిక్కు వచ్చింది. వంతు దిగుతూ దిగుతూ నేలమాళిగకి వచ్చిన ఆదివారం, కింద తాళం వేసి ఉంది. ఆ వారం సెలవు ఎడమవైపుది. ఆవిడకి ఎవరు భుజమివ్వాలి? అందరూ మెట్ల మీద నిలబడి, నేనంటే నేనని గొడవపడుతుంటే, పళ్ళ డాక్టరు "ఇంక మీరంతా తప్పుకోండయ్యా" అని గుండీ విప్పుకుంటుంటే, మలుపులోంచి ఒక మనిషి వచ్చాడు. ఎండకి నల్లబడి, ఉప్పుగాలికి జుట్టు తెల్లబారి, భుజాన చిన్న మూట.  నేలమాళిగ కిటికీ పక్కన కూర్చుని, తన బూట్లు విప్పి, జోడుగా గట్టు మీద పెట్టాడు. లేచి, ఉత్త పాదాలతో నాలుగడుగులు వేసి, ఎడమ అత్త పక్కన తన భుజం దూర్చాడు.

ఆవిడ దిగింది. నడుం నిలబెట్టుకోవడానికి కాసేపు పట్టింది. ఆ బూట్లు తీసుకుని, కొంగున ముడేసిన తాళంచెవితో తలుపు తీసి, దుకాణంలోకెళ్ళి పొయ్యి అంటించి, జిగురు గిన్నె పెట్టింది. పీట మీద కూర్చుని ఎడం బూటు ఒళ్ళో తిరగేసింది.

అడుగు బాగా పలచబడింది. ఎంత నడిస్తే అంత అరుగుతుందో ఆవిడకి తెలుసు. కానీ ఆవిడ చూసింది మడమని. వేలితో బయటి అంచు తడిమింది, లోపలి అంచు తడిమింది. మళ్ళీ తడిమింది. రెండు వైపులా సమంగా అరిగింది.

తల ఎత్తి కిటికీలోంచి పైకి చూసింది. వంచిన తలతో అతను దుకాణంలోకే చూస్తున్నాడు.

"పోయిందే" అంది ఆవిడ.

"నడవగా నడవగా" అన్నాడు అతను.

ఆవిడ ఆరె వాల్చి పట్టుకుని కొత్త అడుగు వేసింది. జిగురు ఆరేదాకా ఊదుతూ కూర్చుంది. తరవాత ఆ బూట్లు తెచ్చి, ముందు భాగం వీధి మలుపు వైపు ఉండేలా గట్టు మీద పెట్టింది. కుళాయి దాకా కూడా వెళ్ళలేదు. గంట ఇంకా కాకముందే పెట్టె ఎక్కి, అతని చెయ్యి తట్టి, "ఇక తప్పుకో, చీకటి పడకముందే ఊరు దాటాలి నువ్వు" అంది.